గ్యాప్ అఫిడవిట్‌లో కొట్టివేసిన వాక్యం

2013లో కర్నూలులోని మన లా కళాశాలలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరేటప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. 2006లో ఆదోనిలో డిగ్రీ పూర్తి చేసిన నెలలోనే మా నాయనకు పక్షవాతం వచ్చింది. చెల్లెలి పెళ్లి బాధ్యత, మందుల ఖర్చు రెండూ నా మీదే పడడంతో పత్తి యార్డుకు దగ్గరలోని ఒక కమీషన్ మండీలో గుమాస్తాగా చేరి ఏడేళ్లు చిట్టా (రోజువారీ లెక్కల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) రాశాను. ఆర్టీసీ సమ్మె ముగిసి బస్సులు కదిలిన తరువాత ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు వచ్చి కళాశాల ఆఫీసులో సర్టిఫికెట్లు చూపించినప్పుడు, ఈ ఏడేళ్లకు గ్యాప్ అఫిడవిట్, అంటే చదువు ఆగిన ఏళ్లలో ఏమి చేశానో చెప్పే ప్రమాణపత్రం, తీసుకురమ్మన్నారు. నాకంటే ఏడేళ్లు చిన్నవాళ్లు వరుసలో నిలబడి ఉండగా ఆ మాట వినవలసి రావడం నాకు ఎంతో సిగ్గుగా అనిపించింది.

నోటరీ దగ్గర టైపు చేసే అబ్బాయి నా పేరు, ఊరు, సంవత్సరాలు మాత్రం అడిగాడు. మిగిలిందంతా అతని దగ్గర సిద్ధంగా ఉంది. రెండు నిమిషాల్లో చేతికిచ్చిన స్టాంపు కాగితంలో, 2006 నుంచి 2013 వరకు నేను ఏ విద్యాసంస్థలోనూ చదవలేదనీ, ఏ ఉద్యోగమూ చేయలేదనీ, ఇంటి వద్దనే ఖాళీగా ఉన్నాననీ ప్రమాణం చేస్తున్నట్టు ఉంది. ఉద్యోగం చేశానని చెప్పబోతే, “అందరికీ ఇట్లే కొడతాం సార్, వాళ్లు చదవరు” అన్నాడు. నేనూ చదవకుండానే సంతకం పెట్టి తెచ్చాను.

ఆ కాగితాన్ని చదివిన వ్యక్తి మనకు కాంట్రాక్టు చట్టం బోధించిన మాస్టారు. ఏదో పని మీద ఆ రోజు ఆఫీసుకు వచ్చి, కౌంటరు మీద ఉన్న నా ఫైలును తిరగేశారు. “ఏమప్పా, ఈ ఏడేండ్లూ నువ్వు ఊరికే కూర్చున్నావా?” అని అడిగారు. లేదు సార్, మండీలో లెక్కలు రాశానని చెప్పాను. “మరి ఖాళీగా ఉన్నానని ప్రమాణం చేసినావే. లా కాలేజీ గడప తొక్కకముందే అబద్ధపు అఫిడవిట్ వేస్తివా నాయనా” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన బాధ ఉంది. తన పెన్ను తీసుకొని ‘ఏ ఉద్యోగమూ చేయలేదు’ అన్న వాక్యం కింద గీత గీసి, దీన్ని తీసివేయించి, ఏ మండీలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏ పని చేశావో రాయించుకొని రమ్మన్నారు. వెళ్లి కొత్త కాగితం తెచ్చాను. పాతది ఇప్పటికీ నా సన్నదు (న్యాయవాదిగా నమోదు పత్రం) ఉన్న కవరులోనే ఉంది.

లా చదవాలనుకుని మధ్యలో కొన్నేళ్లు పోగొట్టుకున్నవారు మొదట భయపడేది ప్రవేశానికి. నిజానికి ప్రవేశం దగ్గర ఆ ఏళ్లు పెద్ద అడ్డంకి కావు. లా ప్రవేశ పరీక్ష అయిన లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. అందులో సగం ప్రశ్నలు చట్టం చదవడానికి తగిన వివేచనను పరీక్షించేవే. డిగ్రీ ఎప్పుడు పూర్తయిందన్న దానికి అక్కడ మార్కులు లేవు, కోతలు లేవు. మూడేళ్ల కోర్సుకు జనరల్ అభ్యర్థికి డిగ్రీలో 45 శాతం ఉండాలి, అంతే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో మూడేళ్ల కోర్సుకు ముప్పై ఏళ్ల వయోపరిమితి పెట్టి, 2013లో ఉపసంహరించుకొని, 2016లో తిరిగి తెచ్చింది. 2017 మార్చిలో సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. నాకు ఆ పరిమితి తగలకపోయినా, నా వెనుక బెంచీలో కూర్చున్న నలభై రెండేళ్ల రిటైర్డ్ హవల్దారు గారి వంటి వారికి ఆ వార్తలు ప్రాణంతో సమానం. మన కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు 1942లో అనంతపురం దత్తమండల కళాశాలలో డిగ్రీ ముగించి, చిన్న చిన్న తాత్కాలిక ఉద్యోగాలు చేసిన తరువాతనే మద్రాసుకు వెళ్లి లా చదివారని మాస్టారు మాకు తరచుగా గుర్తు చేసేవారు. ఆయన 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన పేరు మీద విశాఖలో నేడు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది.

ఉద్యోగాల దగ్గర సంగతి వేరు. 2016లో చివరి సెమిస్టరు రాసి హైదరాబాదులో ఒక సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ముగ్గురు పెద్దలు నా బయోడేటాను ఒకరి తరువాత ఒకరు చూసి, 2006కూ 2013కూ మధ్య ఏమి జరిగిందని అడిగారు. బయోడేటాలో మండీ ఉద్యోగం రాయలేదు. గుమాస్తా పని అక్కడ తక్కువగా కనబడుతుందని నేనే దాన్ని మింగేశాను. “కుటుంబ పరిస్థితులు సార్” అని తల దించుకున్నాను. ఆ తరువాత వారు అడిగిన ప్రశ్నలకు సరిగానే జవాబు చెప్పినా ఆ మాటతోనే నా పని అయిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. అడిగినవారిది తప్పు కాదు. ఏడేళ్లు ఏమయ్యాయో చెప్పలేని వాడికి కక్షిదారుల కాగితాలు ఎట్లా అప్పగిస్తారు? మాస్టారు గీత గీసి కొట్టివేయించిన వాక్యాన్ని నేను మూడేళ్ల తరువాత నోటితో మళ్లీ చెప్పి వచ్చాను.

అదే సంవత్సరం హైదరాబాదులో న్యాయవాదిగా ఎన్‌రోల్ అయి, ఆదోనికి తిరిగి వచ్చి ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరడానికి వెళ్లాను. ఆయన నా మార్కులు చూడలేదు. మూడేళ్లు పెద్దగా రాబడి లేకుండా నిలబడగలవా, మునుపు ఏం చేసేవాడివని మాత్రం అడిగారు. ఈసారి ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, “ఆవర్జా రాసినావా? అయితే రేపటి నుంచే రా” అన్నారు.

ఎందుకన్నారో రెండేళ్లకు తెలిసింది. మా కక్షిదారుడైన కోసిగి వైపు రైతు మీద ఒక వ్యాపారి బాకీ దావా వేశాడు. సీజనులో పెట్టుబడికి ఇచ్చిన అడ్వాన్సు సరుకు తూకంతో చెల్లిపోయిందని రైతు అంటాడు. తరువాత ఇంకొక అరవై వేలు నగదుగా ఇచ్చానని వ్యాపారి అంటాడు. ఆ అరవై వేలకు ప్రోనోటు లేదు, ఆవర్జాలో పద్దు మాత్రం ఉంది. సీనియర్ గారు పుస్తకం నా ముందు పెట్టి రాత్రంతా చూడమన్నారు. మండీలో పని చేసినవారికి తెలుసు, ఆవర్జాలో ప్రతి పద్దు పక్కనా అది ఏ చిట్టా పుట నుంచి ఎక్కిందో ఆ పుట సంఖ్య ఉంటుంది. ఆ రైతు ఖాతాలో పదకొండు పద్దులకు పుట సంఖ్యలు ఉన్నాయి. పన్నెండో పద్దుకు, అంటే ఆ అరవై వేలకు, లేదు. ఆ తేదీ చిట్టా తీస్తే ఆ రోజు పుటే లేదు, అది ఆదివారం, యార్డులో కాటా కట్టరు. మరునాడు సీనియర్ గారు వ్యాపారి తరఫు సాక్షిగా వచ్చిన గుమాస్తాను క్రాస్ ఎగ్జామిన్ చేసే అవకాశం నాకే ఇచ్చారు. బోనులో నిలబడిన ఆ గుమాస్తా, నాలాగే చొక్కా జేబులో రెండు రంగుల పెన్నులు పెట్టుకున్న యాభై ఏళ్ల మనిషి. ఆయనను కష్టపెట్టే మాట ఒక్కటీ వాడకుండా, పుట సంఖ్య ఎందుకు లేదని మాత్రం అడిగాను. చాలాసేపు పుస్తకం వైపు చూసి, “తరువాత రాయమన్నారు సార్” అన్నాడు. క్రమంగా రాసిన ఖాతా పుస్తకం సాక్ష్యమే అయినా, అది ఒక్కటే ఒకరి మీద బాధ్యత మోపడానికి చాలదని అప్పటి సాక్ష్య చట్టం 34వ సెక్షన్ చెప్పేది. 2024 జులై నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలో అది 28వ సెక్షన్‌గా ఉంది. క్లాసులో ఆ సెక్షన్ మా అందరికీ ఒకే విధంగా వచ్చింది. ఆ పుట సంఖ్య కోసం వెతకాలన్న ఊహ మాత్రం నా ఏడేళ్ల గ్యాపు నుంచి వచ్చింది. ఆ అరవై వేల మేరకు దావా కొట్టివేయబడింది.

ఇంత చెప్పినా, గ్యాపు వల్ల నష్టమేమీ లేదని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పడం మోసం అవుతుంది. నష్టం వయసు రూపంలో వస్తుంది. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని తీర్పునిచ్చింది. 2002 నుంచి ఆ నియమం లేనందువల్లనే నేను పట్టా చేతికి రాగానే ఆ పరీక్ష రాయగలిగాను. రెండుసార్లు మెయిన్స్ దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు లెక్క మారింది. మన రాష్ట్రంలో జనరల్ అభ్యర్థికి 35 ఏళ్ల పరిమితి ఉన్నది కాబట్టి, నాలాగా ఇరవై ఎనిమిదికి చేరి, ముప్పై ఒకటికి ముగించి, మూడేళ్లు ప్రాక్టీసు చేసేసరికి ముప్పై నాలుగు వస్తుంది, అంటే ఒకే ఒక్క నోటిఫికేషన్, అదీ ఆ ఏడాది పడితే. బ్యాంకుల లా ఆఫీసర్ పోస్టులకు సాధారణ పరిమితి ముప్పై ఏళ్లే. ఈ లెక్కను ప్రవేశానికి ముందే కాగితం మీద వేసుకోవాలి. ఆ దారి మూసుకుపోయిందని తేలితే, మూడో సంవత్సరంలో ఏడవడం కంటే మొదటి రోజే సివిల్, రెవెన్యూ, కార్మిక కేసుల వైపు మనసు పెట్టుకోవచ్చు.

అయితే లా కంటే ముందు వచ్చిన గ్యాపు గురించి అందరూ అడుగుతారు, సన్నదు తీసుకున్న తరువాత వచ్చే గ్యాపు గురించి ఎవరూ హెచ్చరించరు. నా అనుభవంలో రెండోదే చాలా ఖరీదైనది. మన బ్యాచ్‌లో నాతోపాటే ఎన్‌రోల్ అయిన నా సమవయస్కుడైన మిత్రుడు, 2018లో బెంగుళూరులో ఒక కంపెనీ లీగల్ విభాగంలో పూర్తికాలపు జీతానికి చేరాడు. పూర్తికాలపు ఉద్యోగి న్యాయవాదిగా కొనసాగరాదన్న బార్ కౌన్సిల్ 49వ నియమాన్ని గౌరవించి, సన్నదును స్వచ్ఛందంగా సస్పెండ్ చేయించుకున్నాడు. అతను చేసింది నూటికి నూరుపాళ్లు సరైనది. 2022లో తిరిగి వచ్చి ప్రాక్టీసు మొదలుపెట్టాడు. జిల్లా జడ్జి నియామకానికి రాజ్యాంగం 233వ అధికరణం ఏడేళ్ల న్యాయవాదిత్వం కోరుతుంది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు దీపక్ అగర్వాల్ కేసులో ఆ అధికరణంలోని క్రియాపదం గతంలో మొదలై ఇప్పటికీ కొనసాగుతున్న స్థితిని చెబుతుందని వ్యాఖ్యానించి, దరఖాస్తుకు వెంటనే ముందున్న ఏడేళ్లు కావాలని, జీవితంలో ఎప్పుడో ఒకప్పటి ఏడేళ్లు చాలవని తేల్చింది. వ్యాకరణంలోని ఒక కాలం ఒక మనిషి జీవితకాలాన్ని ఇట్లా కొలవగలదని నేను అంతకుముందు అనుకోలేదు. నా మిత్రుని 2016–18 నాటి రెండేళ్లు ఆ లెక్కలోకి రావు. అతని ఏడేళ్లు 2029కి గానీ నిండవు. అప్పటికి అతనికి నలభై నాలుగు, పరిమితి నలభై ఐదు. మండీలో నేను గడిపిన ఏడేళ్ల వల్ల నాకు జరగని నష్టం, మంచి జీతం వచ్చిన ఆ నాలుగేళ్ల వల్ల అతనికి జరిగింది.

ఇప్పుడు చదువుతున్నవారికి ఇంకొక మాట. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, చదివే కాలంలో ఉద్యోగం ఉంటే దాన్ని ప్రకటించాలి, యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, హాజరు నిబంధన పాటించాలి. మన ప్రాంతంలో పగలు సచివాలయంలోనో, బడిలోనో పని చేస్తూ లా చదివేవారు చాలామంది ఉన్నారు. వారి అవసరం నాకు బాగా తెలుసు. కానీ ఉద్యోగాన్ని దాచి పట్టా తీసుకుంటే, గ్యాపును దాచిన దానికంటే పెద్ద చిక్కు ఎన్‌రోల్‌మెంట్ నాడు ఎదురవుతుంది.

మన బ్యాచ్ అమ్మాయిల సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. కాన్పుకు, పసిబిడ్డ పెంపకానికి దూరమైన రెండేళ్లను చట్టం ప్రత్యేకంగా గుర్తించదు. ప్రాక్టీసు చేశావా లేదా అని మాత్రమే అడుగుతుంది. 2015 నాటి వెరిఫికేషన్ నిబంధనలు గడిచిన ఏళ్లలో వేసిన వకాలతుల ఆధారాలు చూపమంటాయి. మన రాష్ట్రంలో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) పోస్టుకు క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం, బార్ సంఘం సమావేశాల్లోనూ ఇదే చెబుతూ వచ్చాను. మన సహాధ్యాయిని ఒకామె 2021లో రెండో కాన్పుకు పత్తికొండలో పుట్టింటికి వెళ్లేటప్పుడు, ఇక ప్రాక్టీసు మానేస్తానని ఫోను చేసింది. మేము ముగ్గురం ఆదోనిలో కూర్చొని ఒక ఏర్పాటు చేసుకున్నాం. బెయిలు పిటిషన్లు, కౌంటర్లు ఆమె ఇంటి దగ్గర నుంచే రాసి పంపేది. ఆ కేసుల వకాలతుల్లో మా పేర్లతో పాటు ఆమె పేరూ, సంతకమూ ఉండేవి. నెలకు రెండు మూడు రోజులు, బిడ్డను అత్తగారి దగ్గర వదిలి బస్సులో వచ్చి కోర్టులో తానే వాదించి వెళ్లేది. పేరు కోసం పేరు పెట్టవద్దని, చేసిన పనికే సంతకం ఉండాలని ఆమె మొదటి రోజే షరతు పెట్టింది. మొన్న ఏపీపీ దరఖాస్తుకు జాబితా కావలసి వస్తే, సాయంత్రం నా ఆఫీసులో పాత కేస్ డైరీలు ముందేసుకొని ఒక్కొక్క నంబరూ ఆమె చెబుతుంటే నేను రాశాను. ఆ రెండేళ్లలోనివే నలభై ఒక్క కేసులు వచ్చాయి.