జ్యూరీకి ముందు ఇంకో జ్యూరీ

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని మన ఆర్కిటెక్చర్ కాలేజీ 2008లో జేఎన్‌టీయూ నుంచి విడివడి సొంతంగా యూనివర్సిటీ అయ్యింది. అంతకు చాలా ముందు చదివిన సీనియర్లు కలిస్తే అమ్మోనియా ఆవిరితో తీసే ప్రింట్ల కబుర్లే. గేట్‌వే ట్రేసింగ్ షీటు మీద రోట్రింగ్ ఇంకు పెన్నుతో గీయడం, గీత తప్పితే సగం బ్లేడుతో గీకడం, ప్రింటు తీయిస్తుంటే ముక్కులు మండిపోవడం. మా బ్యాచ్‌కి ఆ యోగం లేదు. మాకు దక్కింది ప్లాటర్ షాపు, అంటే పెద్ద షీట్ల మీద డ్రాయింగులు ప్రింటు తీసే చోటు.

జ్యూరీకి, అంటే మా డిజైన్లను పరీక్షించే ప్యానెల్‌కి, షీట్లు సబ్మిట్ చేసే ముందు రాత్రి పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని సగం క్లాసు అక్కడే ఉండేది. ప్లాటర్ నడిపే అన్న మా డిజైన్ల గురించి ఎప్పుడూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన చూసేది కాగితాన్నే. అయినా ఆ చూపు దాటితేగానీ షీటు చుట్ట చుట్టుకునే ధైర్యం మాకుండేది కాదు.

ఒకసారి మా ఫ్రెండ్ ప్లాన్ బయటికొచ్చింది. 1:100 స్కేలు, అంటే మీటరుకి ఒక సెంటీమీటరు, అని కింద చక్కగా రాసి ఉంది. అన్న ప్లాస్టిక్ స్కేలు తీసి, షీటు మూలనున్న పది మీటర్ల స్కేల్ బార్ మీద ఆనించాడు. సరిగ్గా పది సెంటీమీటర్లు ఉండాలి. నాలుగు మిల్లీమీటర్లు తక్కువొచ్చింది.

"ఫిట్ టు పేపర్ పెట్టినవా తమ్మీ?"

అదే పెట్టాడు, కాగితానికి సరిపడేలా బొమ్మను కుదించేసే సెట్టింగ్. స్క్రీన్ మీద జూమ్ చేసుకుంటూ గీసేవాళ్లకి బొమ్మ అసలు సైజు తెలియదు. జ్యూరీలో ఎవరైనా త్రికోణం స్కేలు తీసి మెట్ల వెడల్పు కొలిస్తే అప్పుడు తెలిసేది.

ఫాంట్ల గోల ఇంకోటి. మండువా ఇళ్ల మీద థీసిస్ చేసిన అమ్మాయి శీర్షికను అను ఫాంటులో ముచ్చటగా పెట్టుకుంది. షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. తెలుగు అక్షరాల చోట అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు ప్రత్యక్షం. రాత్రి పదకొండింటికి హాస్టల్‌కి పరుగెత్తి, ఫాంటుతో సహా పీడీఎఫ్ చేసి తెచ్చింది. ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

డబ్బు లెక్కలూ అక్కడే నేర్చాం. 36 అంగుళాల రోల్ వెడల్పు 914 మిల్లీమీటర్లు. ఏ2 షీట్లు రెండు పక్కపక్కన పెడితే 840, హాయిగా పడతాయి. అందుకే ఏ2 ఉన్నవాళ్లు జత కోసం వెతుక్కునేవాళ్లు. నల్లటి ఆకాశం పెట్టి రెండర్లు (బిల్డింగు రంగుల బొమ్మలు) తెచ్చినవాళ్లంటే మాత్రం అందరికీ మంట. గీతల ప్లాన్ చకచకా వచ్చేస్తుంది, ఆ ఆకాశం ఎంతకీ తెమలదు. పైగా పల్చటి 90 జీఎస్ఎం కాగితం ఇంకు పీల్చుకుని అప్పడంలా ముడుచుకుపోయేది. రంగులకి మందమైన 170 తీసుకోమని అన్న చెబుతూనే ఉండేవాడు, మన జేబు వినేది కాదు.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక చిట్కా. ఏ1 తీయించే ముందు ఏ3 మీద చెక్ ప్రింట్ తీసుకోండి. పొడవూ వెడల్పూ సరిగ్గా సగానికి తగ్గుతాయి కాబట్టి 1:100 కాస్తా 1:200 అవుతుంది, మామూలు స్కేలుతోనే కొలుచుకోవచ్చు. ఏ2 మీద తీస్తే లెక్క దాదాపు 1:141 దగ్గర తేలుతుంది. ఆ స్కేలు ఏ స్టేషనరీ షాపులోనూ అమ్మరు.