పల్లవి వీధిలోనే దొరుకుతుంది

పాటకి ఐడియా ఎక్కడిదని అడుగుతుంటారు. ఎక్కువగా వీధిలోదే! పొద్దున్నే "పూలమ్మా... పూలూ..." అనే కేక వినండి. చివరి అక్షరాన్ని పైకి లాగి వదిలేస్తారు. అది దాదాపు పల్లవే. ఫోన్‌లో రికార్డు చేసుకుని, మాటలు తీసేసి "తననా"తో పాడుకుంటే ట్యూన్ ఒక్కటే మిగులుతుంది.

తర్వాత నడక. తకిట తకధిమి, అంటే 3+4, ఏడు దెబ్బల లయ, తెలుగు నోటికి బాగా పడుతుంది. గురజాడ 1910లో ముత్యాల సరాలు రాసింది ఈ నడకలోనే. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మామూలుగా నాలుగు దెబ్బల 4/4లో తెరుచుకుంటుంది, దాన్ని ఏడు దెబ్బల 7/8కి మార్చాలి. మార్చకపోతే రెండో బార్ (తాళం చుట్టు) నుంచే పాట ఒక దారి, సాఫ్ట్‌వేర్ తాళం కొట్టే క్లిక్ ఒక దారి.

అసలు తిప్పలు సాహిత్యంతోనే. సాగే స్వరం కింద లఘువు, అంటే పొట్టి అక్షరం పెడితే గాయని "కల" అన్నా "కాల" అని వినిపిస్తుంది. అక్కడ "నీడ", "ఊరు" లాంటి దీర్ఘంతో మొదలయ్యే మాట వేయండి. పై స్థాయిలో "స్వప్నం" లాంటి సంయుక్తాక్షరాలు వద్దు, నోరు మూసుకుపోతుంది. ఆకారాంతం అయితే హాయిగా తెరుచుకుంటుంది. భావం ఎంత గొప్పదైనా సరే, నోటికి పట్టని మాటని మొహమాటం లేకుండా కొట్టేయడమే.