బ్రేక్ ఆఫ్ చేయని రోజు

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి న్యూక్లియర్ మెడిసిన్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరిన రెండో నెల. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి లుటీషియం-177 అనే రేడియోధార్మిక మందు ఎక్కించుకున్నవాళ్ల రక్తకణాల్లో డీఎన్ఏ ఎంత తెగిందో లెక్కపెట్టడం నా పని. మందుకు ముందు ఒక ట్యూబు రక్తం, మందు ఎక్కిన గంటకి ఒకటి, మర్నాడు, మూడోనాడు.

ఆ రోజు పేషెంటు నల్లగొండ తాత. 200 మిల్లీక్యూరీల డోసు ఎడమ చేతికి ఎక్కించారు. కాబట్టి రక్తం కుడి చేతి నుంచే. అదే నరంలోంచి లాగితే అక్కడ మిగిలిన మందు లెక్క చెడగొడుతుంది. గంటకి తీసి, రక్తకణాల్ని పొరలుగా విడదీసే ఫైకాల్ ద్రవం మీద మెల్లిగా పోసి, గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాను. అరగంటకి మూత తీస్తే గుండె గుభేలుమంది. అడుగున ఎర్రకణాలు, పైన పసుపు ప్లాస్మా, మధ్యలో మీగడ కట్టబోతున్నట్టు పలచటి తెల్లపొర ఉండాలి. మాకు కావలసిన తెల్లకణాలు, లింఫోసైట్లు, ఉండేది అందులోనే. నా ట్యూబులో అంతా కలగాపులగం. సెంట్రిఫ్యూజ్ బ్రేక్ ఆఫ్ చేయలేదు మరి! రోటర్ దానంతటది ఆగాలి, గబుక్కున ఆపితే పొరలు చెదిరిపోతాయి.

మా సార్‌తో తిట్లు తిని, ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ పెట్టుకుని మళ్లీ వార్డుకెళ్లాను. జరిగింది చెప్తే తాత చెయ్యి చాపి, “తీస్కో బిడ్డా” అన్నాడు. రికార్డులో గంట అని కాకుండా రెండు గంటలనే రాశాం. తెగిన డీఎన్ఏకి కణం ఒకపక్క అతుకు వేసుకుంటుంటే మందు ఇంకోపక్క తెంచుతూనే ఉంటుంది. టైము తప్పు రాస్తే చుక్కల లెక్కకి అర్థమే లేదు.

చుక్కలంటే, డీఎన్ఏ రెండు పోగులూ తెగినచోట హెచ్2ఏఎక్స్ అనే ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగులుకుంటుంది. దాన్ని పట్టుకునే యాంటీబాడీకి రంగు కడితే మైక్రోస్కోపులో ఆకుపచ్చ చుక్కలా మెరుస్తుంది. యాక్సిడెంటైన బండి కనబడక, చుట్టూ మూగిన జనమే కనబడ్డట్టు. తెగినచోటికే చేరే 53బీపీ1 అనే ఇంకో ప్రొటీన్‌కి ఎర్రరంగు వేసి, రెండూ ఒకేచోట పడితేనే లెక్కలోకి తీసుకుంటాం. ఏ స్లైడు ఎప్పటిదో తెలియకుండా కోడ్ వేసి, చీకటి గదిలో ఫోకస్ పైకీ కిందకీ తిప్పుతూ ఎంచాలి. నూరో కణానికి కళ్లు మండిపోతాయి.

కోడ్ విప్పితే, మందుకు ముందు తీసిన స్లైడులోనూ అక్కడక్కడా చుక్కలున్నాయి. అవి అందరికీ ఉండేవే. రెండు గంటలకి బాగా పెరిగి, మూడోనాటికి తగ్గాయి.

“చుక్కలు తగ్గినయంటే గడ్డ తగ్గినట్టేనా?” అని తాత అడిగాడు.

“కాదు తాతా, ఇది నెత్తురు సంగతే. గడ్డ సంగతి స్కాన్‌లో చూస్తారు.”

కాస్త నిరాశపడ్డాడు. నేనూ అంతకంటే ఏం చెప్పలేకపోయాను.