బోదెలో తోకకప్పలు

దీపావళికి ముందు ధవళేశ్వరం నుంచి కడియం, ద్వారపూడి మీదుగా మండపేట వైపు వెళ్లాను. దారిలో ఎక్కడో ఒకచోట కాలువ కనిపిస్తూనే ఉంటుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి చేలకూ, ఊళ్ల మంచినీళ్ల చెరువులకూ ఈ నీళ్లే ఆధారం.

నేను వెళ్లింది ఆ నీటిలో బతికేవాటిని చూడటానికి. అమెరికాలో అయోవా ఆయుధ కర్మాగారం గుండా పారే బ్రష్ క్రీక్ అనే వాగు గురించి చదివాక మనసు కుదురుగా లేదు. పేలుడు మందు నింపే షెడ్లు కడిగిన నీళ్లు అక్కడ ఏళ్ల తరబడి వాగులో కలిశాయి. టీఎన్‌టీ అనే పేలుడు మందు కలిసిన నీళ్లు ఎండ తగిలితే గులాబీ రంగుకు తిరుగుతాయి. లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములున్నా చాలు, కొన్ని రకాల చేపల్లో నాలుగు రోజులకే సగం చచ్చిపోతాయని పరీక్షల్లో తేలింది. నాచుకూ దెబ్బే. నాచు పోతే దాన్ని మేసే నత్తలకు తిండి ఉండదు.

కాలువ గట్టు మీద ఒక పెద్దాయన వల దులుపుతున్నారు. నీళ్లు పాడైతే మీకెలా తెలుస్తుంది బాబాయ్ గారూ అని అడిగాను.

"చేపలు పడకపోతే ఎగువకి పోయుంటాయిలే అనుకుంటామండి. నత్తలు కూడా కనపడకపోతేనే భయమండి."

వాగుల్ని పరిశీలించే శాస్త్రవేత్తలు కూడా అడుగున ఉండే నత్తల్నీ, తూనీగ పిల్లల్నీ లెక్కపెడతారు. అవి ఎక్కడికీ పారిపోలేవు కాబట్టి.

మండపేట దాటాక వరిచేల మధ్య బాణసంచా తయారుచేసే షెడ్డు ఒకటి కనిపించింది. పక్కనే బోదె, అందులో తోకకప్పలు. నాకు టెన్షన్ మొదలైంది. రాకెట్ ఇంధనంలోనూ బాణసంచాలోనూ వాడే పెర్‌క్లోరేట్ నీటిలో ఇట్టే కరిగిపోతుంది. థైరాయిడ్‌కు అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోతే తోకకప్పకు కాళ్లు రావు, తోక ఊడదు, అది కప్ప కాలేదు. కప్పలు లేని చేలో పురుగుల్ని ఎవరు తింటారు?

షెడ్డు కడిగిన నీళ్లు ఎటు పోతాయని అక్కడి కుర్రాణ్ని అడిగాను. బోదె వైపు చూపించాడు. ఎప్పుడైనా పరీక్ష చేయించారా అన్నాను.

"నీళ్లు తేటగానే ఉన్నాయి కదండీ!"

టీఎన్‌టీ అయితే రంగు చూసి పసిగట్టొచ్చు తమ్ముడూ, కరిగిన పెర్‌క్లోరేట్‌కు రంగుండదు, బోదె నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబుకు పంపించమని మీ యజమానికి చెప్పు అన్నాను.