అలిపిరి నుంచి కాణిపాకం దాకా, డోలు మిత్రుడితో

జూన్ మొదటి వారంలో ఒక తెల్లవారుజామున నేను తిరుపతిలో రైలు దిగేసరికి అతను స్టేషను బయట టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. పద్నాలుగేళ్ల క్రితం ఒకే మేళంలో నేను రెండో నాదస్వరం ఊదేవాణ్ణి, అతను డోలు వాయించేవాడు. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు. నేను విజయవాడలో సంగీతం చెప్పుకునే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాను, అతను మేళంలోనే ఉండిపోయాడు. నొప్పి మాత్రలతో మొదలై, గంజాయి మీదుగా, మళ్లీ రోజుకు ఇరవై మాత్రల దగ్గర తేలి, చివరికి ఆసుపత్రిలో చేరి, బయటికి వచ్చి అప్పటికి అయిదు వారాలు. "కాణిపాకంలో ప్రమాణం చేయాల నా, తోడు రా" అని ఫోను చేశాడు. ముందు కొండెక్కి ఆ తరువాత కాణిపాకం పోదామన్నది నా ఆలోచన. అతనితో ఒంటరిగా మాట్లాడవలసింది ఒకటి నా దగ్గర ఉంది, దానికి మూడువేల అయిదువందల యాభై మెట్లు సరిపోతాయనుకున్నాను.

అలిపిరి తనిఖీ దగ్గర మా సంచులు తెరిపించారు. తిరుమల మీద పొగతాగడం, మద్యం, మాంసం నిషేధం కనుక సిగరెట్లూ ఖైనీ పొట్లాలూ అక్కడే ఆగిపోతాయి. మా ముందున్న యువకుడు జేబులోంచి ఒక పొట్లం తీసి, ఒక క్షణం దానివైపు చూసి, గోవిందా అనుకుంటూ డబ్బాలో పడేశాడు. నా మిత్రుడి సంచిలో అలాంటివేమీ లేవు గాని, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో డోలు వాయించేటప్పుడు వేళ్లకు వేసుకునే తొడుగులు బయటపడ్డాయి. గుడ్డ పేలికలను జిగురుతో చుట్టి ఎండబెట్టి రాయిలా గట్టిపరచిన ఆ తొడుగులను కాపలాదారు వెలుగుకు ఎత్తి తిప్పి తిప్పి చూశాడు. "డోలు వాయిస్తా సార్" అని ఇతను చెబితే నవ్వి తిరిగి ఇచ్చేశాడు. పని లేకపోయినా వాటిని ఎందుకు మోసుకొచ్చావని నేనడిగితే, అవి ఇంట్లో పెట్టి వస్తే చెయ్యి ఖాళీగా ఉన్నట్టుంటుందని అన్నాడు.

గాలిగోపురం చేరేదాకా మేము ఎక్కువగా మాట్లాడుకోలేదు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్ల వెనుక మెల్లగా నడిచాము. అక్కడ కూర్చున్నాక అతను చెప్పిన ఒక సంగతి నాకు ఈ ప్రయాణమంతటికీ తాళంచెవి వంటిది. వ్యసనం బాగా ముదిరిన రోజుల్లో కూడా అతను రెండుసార్లు ఉత్సవాల పని మీద కొండపైన మూడేసి రోజులు ఉన్నాడట. మొదటి రాత్రి ఒళ్లు విరుచుకుపోయి, ముక్కు కారి, ఆవులింతలతో నిద్ర పట్టక నరకం చూశాడు. మూడో రోజుకు మాత్ర మీదకు మనసు పోవడం తగ్గింది. "కిందికి దిగినాక బస్టాండులో మన వ్యాను కనబడింది నా, అంతే, నోట్లో నీళ్లూరినాయి. మాత్రను చూసి కాదు, వ్యానును చూసి" అన్నాడు.

అప్పుడు నాకు వియత్నాం సైనికుల సంగతి గుర్తుకొచ్చి అతనికి చెప్పాను. 1971లో అక్కడి నుంచి ఇంటికి తిరిగివస్తున్న అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించింది. యుద్ధభూమిలో తాము హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుకు బానిసలమయ్యామని దాదాపు అయిదింట ఒకరు చెప్పుకున్నారు. ఇల్లు చేరిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనది మాత్రం వారిలో నూటికి అయిదుగురే. ఆ పొగ, ఆ తోటివాళ్లు, ఆ భయం, ఆ విసుగు అన్నీ వెనుక ఉండిపోయాయి. అతను విని, "మనకు యుద్ధం ఊళ్లోనే కదా నా, దిగి యాడికి పోవాల?" అన్నాడు.

మేళంగాళ్ల బతుకు తెలియనివారికి ఈ మాట బరువు తెలియదు. రాత్రి పదింటికి మొదలైన ఊరేగింపు రెండింటికి ముగుస్తుంది, నాలుగున్నరకు ఇంకో ఊళ్లో ముహూర్తం ఉంటుంది, మధ్యలో ఉన్నది ఆ వ్యాను ఒక్కటే. నిద్రపోతే లేవలేము, మేలుకుంటే చేతులు లేవవు. పెళ్లివారు మర్యాదకు పందిరి వెనకకు సీసా పంపుతారు, వద్దంటే పొగరు అనుకుంటారు. తీసుకున్న పారితోషికంలో సగం పాత అప్పుకు జమ అవుతుంది గాని సీసా మాత్రం ఎప్పుడూ జమలోకి రాదు. ఆ వ్యానులో ఒకడు తీసుకుని ఇంకొకడు మానితే మానినవాడు వేరైపోతాడు, లయ కలిపి బతికే వాళ్లలో వేరైపోవడం కన్నా పెద్ద శిక్ష ఉండదు. అయినా అదే వ్యానులో, అదే ముందు సీటులో, మా పెద్ద నాదస్వరం ఆయన నలభై ఏళ్లు సోడా తప్ప ఏమీ ముట్టకుండా తిరిగాడు. ఆయనను ఎవరూ వేరు చేయలేదు కూడా. అందుకే నేను ఒక్క వ్యాను మీదికే నెపం నెట్టలేకపోతున్నాను.

గాలి వాద్యం వాయించేవాణ్ణి గనుక కొన్నేళ్లుగా అమెరికా జాజ్ శాక్సఫోను వింటున్నాను. ఆ వాద్యంలో పెద్ద పేరున్న చార్లీ పార్కర్ గురించి అతనికి జింకలు కనబడే దారిలో చెప్పాను. చిన్న వయసులోనే హెరాయిన్‌కు చిక్కినవాడు. 1955 మార్చిలో 34 ఏళ్లకు చనిపోతే, శవాన్ని చూసిన వైద్యుడు అంతకన్నా ఎంతో పెద్ద వయసు వేశాడు. ఆయన వాయిద్యం విని పిచ్చెక్కిన కుర్రాళ్లు ఆ వేగం సూదిలోంచి వస్తుందని నమ్మి తామూ పొడుచుకున్నారు. పార్కర్ మాత్రం 1949లోనే, మత్తులో బాగా వాయిస్తానని చెప్పేవాడు పచ్చి అబద్ధాలకోరు అని ఒక పత్రికతో తేల్చిచెప్పాడు. 1946లో తాను ఒంటి మీద స్పృహ సరిగా లేకుండా వాయించిన ఒక రికార్డును కంపెనీ విడుదల చేసినందుకు ఆయనకు చివరిదాకా కోపమే.

నా మిత్రుడు ఈ చివరి మాట దగ్గర ఆగిపోయాడు. ఒక గుడి ఉత్సవంలో తన చెయ్యి గాలిలో ఎగురుతోందని అనిపించిన రాత్రి, ఎవరో సెల్‌ఫోనులో తీసిన వీడియోను అతను మరునాడు చూసుకున్నాడట. ముగింపులో మూడుసార్లు వేసే ముక్తాయింపు ఒక్కసారీ సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడలేదు, ప్రతిసారీ అరక్షరం ముందే దూకింది. పెద్దాయన ఏమీ అనకుండా తన పాటను ఆ అరక్షరం జరిపి సర్దుకున్నాడు. "తిట్టింటే బాగుండేది నా" అన్నాడు, మెట్టు మీద వేళ్లతో ఆ ముక్తాయింపును సరిగ్గా వేసి చూపిస్తూ.

అప్పుడు ఇంకో శాక్సఫోను వాద్యకారుడు సోనీ రాలిన్స్ కథ చెప్పక తప్పలేదు. రాలిన్స్‌కు పార్కర్ దేవుడితో సమానం. 1953లో ఇద్దరూ కలిసి ఒక రికార్డింగులో వాయించారు. మానేశావా అని పార్కర్ అడిగితే మానేశానని రాలిన్స్ అబద్ధం చెప్పాడు, కాసేపట్లోనే ఆ అబద్ధం బయటపడింది. పార్కర్ ముఖంలో కనిపించిన బాధ చూసి, తనను చూసే ఈ కుర్రవాడు ఇలా అయ్యాడన్న వేదన ఆయనను తింటోందని రాలిన్స్‌కు అర్థమైంది. ఆ తరువాత కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ ఆసుపత్రిలో తనంతట తాను చేరాడు. మానేసి ఎదురుగా నిలబడి చూపించాలనుకున్న మనిషి, ఇతను ఇంకా అక్కడ ఉండగానే పోయాడు. బయటికి వచ్చిన రాలిన్స్ వెంటనే క్లబ్బులకు వెళ్లకుండా షికాగోలో ఊడ్చే పని వంటి కూలి పనులు చేసుకుంటూ గడిపాడు. 1955 చివర్లో క్లిఫర్డ్ బ్రౌన్ ఉన్న బృందంలో చేరాడు. బ్రౌన్ ట్రంపెట్ వాద్యకారుడు, ఏ మత్తూ ముట్టనివాడు. శుభ్రంగా బతుకుతూ కూడా గొప్పగా వాయించవచ్చని ఆయనను చూశాకే తెలిసిందని రాలిన్స్ తరువాత చెప్పుకున్నాడు. బ్రౌన్ 1956లో 25 ఏళ్లకు కారు ప్రమాదంలో చనిపోయాడు, రాలిన్స్ మాత్రం మళ్లీ సూది పట్టలేదు.

"ఆ పార్కర్ ఎవరికైనా చేత్తో ఇచ్చినాడా?" అని నా మిత్రుడు అడిగాడు. కుర్రవాళ్లను వద్దనే చెప్పేవాడని అన్నాను. మోకాళ్ల మెట్లు వచ్చేశాయి. పక్కన ఒక తల్లి మోకాళ్ల మీద ఎక్కుతోంది. నేను అంతసేపూ దాచుకున్న మాట అక్కడ బయటపడింది.

నేను మేళం వదిలిన ఏడాది జాతర వరసలో అతని మణికట్టు వాచిపోయింది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని నెల రోజులు చెయ్యి కదపకుండా ఉండమని పెద్దాయన చెప్పాడు. కట్టు కడితే తొమ్మిది పెళ్లిళ్లు పోతాయి, డోలు లేకపోతే నాకూ ఆ తొమ్మిది పోతాయి. నా వెన్నునొప్పికి వాడుకునే ట్రమడాల్ అనే నొప్పి మాత్రల పట్టీ నా జేబులో ఉంది. ఆ మందును 2018లో మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చారు గాని అప్పట్లో షాపులో తేలికగా దొరికేది. వ్యాను కదులుతుండగా నేను ఒక మాత్ర విరిచి సగం అతని అరచేతిలో పెట్టాను. సగం కదా ఏమవుతుందిలే అన్నాను. తెల్లారేసరికి అతను రెండో సగం అడిగాడు. ఆ సీజను ముగియగానే నేను విజయవాడ బస్సెక్కాను, నాకు మాత్రల అవసరమూ తీరిపోయింది. అది నా సంకల్పబలమని పదేళ్లపాటు గొప్పగా చెప్పుకున్నాను. అది బస్సు టికెట్టు మాత్రమే.

క్షమాపణ అడగబోతే అతను చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు ఇచ్చినందుకే ఇట్లయిందంటే నా చేతిలో ఇంకేముంది నా? నువ్వొచ్చి మాన్పించాల. నేనే తిన్నానంటేనే నేను మానేది. అది నా దగ్గర ఉండనీ" అన్నాడు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, పద్నాలుగేళ్లు మోసినదాన్ని దించుకోనివ్వలేదని. ఆ కోపం సిగ్గుమాలినదని దర్శనం క్యూలో నిలుచున్నాక తెలిసింది.

మరునాడు ఉదయం చిత్తూరు బస్సెక్కాము. చంద్రగిరి కోట ఎడమవైపో కుడివైపో దాటిపోయినట్టుంది, నేను చూడలేదు. అతను ఆసుపత్రి సంగతులు చెబుతూ వచ్చాడు. ముందు రెండేళ్లు అక్కడికి వెళ్లకపోవడానికి కారణం పోలీసుల భయమేనట. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరితే, వాడుకున్నందుకో కొద్ది పరిమాణం దగ్గర ఉన్నందుకో పెట్టే కేసు నుంచి 1985 నాటి మత్తుపదార్థాల చట్టంలోని 64ఎ సెక్షను రక్షణ ఇస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. మత్తు మానాలనుకునేవాళ్ల సాయానికి 14446 అనే ఉచిత ఫోను నంబరు ఉందని కూడా ఆసుపత్రి గోడ మీద చూసే తెలుసుకున్నాడు. డాక్టరు మరీ మరీ చెప్పింది ఒకటే. ఇన్నాళ్లు మానిన శరీరం పాత మోతాదును ఓర్చుకోలేదు, ఒక్కరోజు పాత లెక్కకు మింగితే ఊపిరి ఆగిపోవచ్చు. ఆ మాటను అతను బస్సులో రెండుసార్లు చెప్పాడు.

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడడానికి దొంగ కూడా జంకుతాడని మా జిల్లాలో అందరికీ తెలుసు. అప్పు తగాదాలూ అన్నదమ్ముల పొలం గట్లూ ఇక్కడి ప్రమాణంతో తేలుతుంటాయి. తాగుడు మానేవాళ్లు కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ఎదుటికి వస్తారు. మేము వెళ్లిన రోజు మా ముందు ఒక నడివయసు మనిషి భార్యనూ బావమరిదినీ ఇరువైపులా పెట్టుకుని నిలబడ్డాడు. అతను దేవుడి వైపు కాకుండా బావమరిది వైపే చూస్తున్నాడు. అలాంటి ప్రమాణం ఎన్నాళ్లు నిలుస్తుందో అనుకున్నాను, నాకు ఆ అనుమానపు బుద్ధి ఉంది.

నా మిత్రుడు తడిచేతులు జోడించి పెదవులు కదిలించాడు. నిమిషం కూడా పట్టలేదు. బయటికి వచ్చి ధ్వజస్తంభం పక్కన బట్ట పిండుకుంటూ ఉంటే, మాత్రలు జన్మలో ముట్టనని మొక్కుకున్నావు కదా అన్నాను.

"దానికి దేవుడెందుకు నా, ఆసుపత్రి ఉంది" అన్నాడు. పిండిన పంచెను దులిపి, ఇంకోసారి పిండాడు. "మన రెండో డోలు పిల్లోడు ఉండాడు. పోయినేడు భుజం నొప్పంటే నేను సగం ఇచ్చినా. సగమే కదా అన్నా, నీ మాదిరే. ఇంక ఎవరి చేతిలోనూ పెట్టనని చెప్పుకొన్నా."

నాకు మాట రాలేదు. ఆ రోజు మెట్ల మీద అతను నన్నెందుకు ఆపాడో, తాను తిన్నదాన్ని ఎవరితోనూ పంచుకోనంటూనే తాను ఇచ్చినదాని కోసం ఇంతదూరం ఎందుకు వచ్చాడో తెలిసింది. నేను మళ్లీ కోనేటి వైపు నడిచి మెట్ల మీద కూర్చుని కాళ్లు కడుక్కున్నాను. లోపలికి మాత్రం వెళ్లలేదు. ఏమని చెప్పుకోవాలో అప్పటికి నా దగ్గర తయారుగా లేదు.

తిరుగుప్రయాణంలో పూతలపట్టు దగ్గర టీ తాగుతుండగా అతనికి ఫోను వచ్చింది. మేళం పెద్ద. ఆదివారం రాత్రి ఊరేగింపు, తెల్లవారి ముహూర్తం. ఇతను రేటు అడగలేదు. వ్యానులో ఎవరెవరు వస్తారని అడిగి పేర్లన్నీ విన్నాడు. పెద్దాయన ముందు సీటులో ఉంటాడా అని మళ్లీ అడిగాడు. ఆ తరువాత, తాను వ్యానెక్కననీ, రెండు చోట్లకూ బస్సులోనే వస్తాననీ చెప్పాడు. అవతలివైపు గట్టిగా ఏదో అంటున్నారు. ఇతను టీ గ్లాసు బల్ల మీద పెట్టి, సంచిలోంచి తొడుగుల డబ్బా తీసి, ఒక్కొక్కటే వేళ్లకు తొడిగి చూసుకుంటూ బేరం సాగించాడు.

"ఒక ఛార్జీ కాదు నా, రెండు. పిల్లోడు కూడా నాతోనే బస్సులో వొస్తాడు."