సీటీఏటీ, ఎస్‌డీబీఎస్ కలిపి వెసికిల్స్ చేయడం: నా అనుభవం

సబ్బులాంటి రెండు పదార్థాలు, ధనావేశం ఉన్న సీటీఏటీ (సీటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం టోసిలేట్), రుణావేశం ఉన్న ఎస్‌డీబీఎస్ (సోడియం డోడెసైల్ బెంజీన్ సల్ఫోనేట్) నీళ్లలో కలిస్తే వెసికిల్స్, అంటే లోపల నీళ్లున్న అతిచిన్న పొర సంచులు, వాటంతట అవే ఏర్పడతాయని 1989లో ఎరిక్ కేలర్ బృందం చూపించింది. అల్ట్రాసౌండ్‌తో కుదిపే సోనికేటర్ అక్కర్లేదు. ఓపిక మాత్రం కావాలి.

రెండు పొడులనూ వాక్యూమ్‌లో ఆరబెట్టి తూస్తాను, తేమ ఉంటే నిష్పత్తి తప్పుతుంది. ఒక్కోదానికి 1 గ్రాము పొడి, 99 గ్రాముల నీళ్లు. ఎస్‌డీబీఎస్ ఇట్టే కరుగుతుంది. సీటీఏటీ మొండిది, 40 డిగ్రీల నీళ్లలో సీసా ఉంచి కరిగించాలి. చల్లారాక జిగటగా ఉంటే పాడైందనుకోకండి. మైసెల్స్ (ఈ అణువులు నీళ్లలో కట్టే గుంపులు) పొడవాటి దారాల్లా పెరిగి చిక్కుపడ్డాయంతే. సీసాను గిర్రున తిప్పి ఠక్కున ఆపితే లోపలి బుడగలు కాస్త వెనక్కి జరుగుతాయి. చల్లారితే ఇలా జిగటవుతుంది కాబట్టి దాన్ని వెచ్చగా ఉన్నప్పుడే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకడతాను. కలిపాక వడకడితే వెసికిల్స్ నలిగిపోవచ్చు.

25 డిగ్రీల దగ్గర 7 మిల్లీలీటర్ల సీటీఏటీలో 3 మిల్లీలీటర్ల ఎస్‌డీబీఎస్ పోసి, సీసాను మెల్లగా వంచుతూ కలుపుతాను. సీసాను వేగంగా కుదిపే వోర్టెక్స్ యంత్రం వద్దు, నురగ తప్ప ఏమీ మిగలదు. జిగట పోయి ద్రావణం నీళ్లలా పలచబడుతుంది. పక్కనుంచి చూస్తే లేత నీలం, దీపానికి అడ్డంపెట్టి చూస్తే పసుపెరుపు. ఆ నీలం కనిపిస్తే దారి సరైందే.

సగం సగం కలపడమే పెద్ద పొరపాటు. అణుభారాలు సుమారు 456, 348 కాబట్టి 5.7కి 4.3 దగ్గర రెండు ఆవేశాలూ సరిసమానమవుతాయి. 5కి 5 ఆ పక్కనే ఉంటుంది. ఆవేశాలు రద్దయి తెల్లటి మడ్డి దిగుతుంది. 7కి 3లో మిగిలే ధనావేశమే వెసికిల్స్‌ని ఒకదాన్నుంచి ఒకటి దూరంగా ఉంచుతుంది.

ఇక కాలం సంగతి. మైసెల్స్ కలిసిపోవడం త్వరగానే జరుగుతుంది, పరిమాణం కుదురుకోవడమే ఆలస్యం. ఈ జంట నీళ్లలో విడి అణువులుగా చాలా తక్కువ ఉంటుంది కాబట్టి ఒక వెసికిల్ నుంచి ఇంకోదానికి అణువులు మారడం నెమ్మది. అందుకే కలిపిన గంటకు డీఎల్‌ఎస్‌లో (చెదిరిన లేజర్ కాంతితో కణాల పరిమాణం కొలిచే పద్ధతి) వచ్చిన సంఖ్యను నేను రాసుకుంటాను గానీ నమ్మను. రోజూ ఒకే సీసాను, 25 డిగ్రీల దగ్గరే కొలుస్తాను. సిగ్నల్ ఎక్కువైందని నీళ్లు కలపకూడదు. పలచన చేస్తే విడి అణువుల వాటా మారి, కొలిచేది వేరే మిశ్రమం అవుతుంది.

గది 23 డిగ్రీల కిందికి పోతే సీటీఏటీ సీసాలో స్ఫటికాలు కనిపించవచ్చు, వేడిచేస్తే కరుగుతాయి. మిశ్రమమే చల్లబడితే పారబోసి మళ్లీ చేస్తాను. మూత చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి, మొదటిరోజే సీసాను తూచి పెట్టుకోండి. వారం తర్వాత బరువు తగ్గితే ఆవిరైన నీళ్ల ప్రభావాన్ని వెసికిల్స్ పెరుగుదలగా పొరబడరు.