నామాలుండే అద్దం

ఆదివారం, రాత్రి పదకొండు.

కుడిచేతి బొటనవేలు వాచింది. పెన్ను పట్టుకుంటే సలుపుతోంది. అయినా ఇప్పుడు రాయకపోతే రేపు బ్యాంకు హడావుడిలో పడి మరిచిపోతాను. ఇవాళ ఫియట్‌కి ముందు అద్దం మార్చాం. మేమే మార్చాం, ఆటోనగర్ మొహం చూడకుండా.

ఫియట్ అంటున్నాను గానీ బండి మీద రాసుండేది ప్రీమియర్ పద్మిని. 1988 మోడల్. 1974 నుంచే దాని పేరు పద్మిని. అయినా మా ఇంట్లో, మా వీధిలో, ఆర్టీఓ ఆఫీసు బయట ఫారాలు నింపిపెట్టే ఆయన నోట్లో కూడా అది ఫియటే. నాన్న 1996లో చిత్తూరులో ఒక డాక్టరు దగ్గర కొన్నాడు. స్టీరింగు పక్కనే గేరు, ముందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే సీటు. నాన్న, అమ్మ, మధ్యలో నేను. కొండకి ఎన్నిసార్లు పోయామో లెక్క లేదు.

అద్దం పగలడంలో సగం తప్పు నాది. జూన్‌లో రేణిగుంట రోడ్డులో టిప్పర్ వెనకాల పోతుంటే కంకర రాయి ఎగిరి తగిలింది. పావలా బిళ్ళంత నక్షత్రం పడింది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని వదిలేశాను. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, చెయ్యి పెడితే కాలేంత ఎండలో నిలబెట్టిన బండి మీద బోరు నీళ్ళు బకెట్టుతో కొట్టాను. టిక్ మంది. అంతే. కాగిన అద్దం మీద చల్లనీళ్ళు పడితే పైపొర గబుక్కున ముడుచుకుంటుంది, లోపల వేడి అలాగే ఉంటుంది, ఆ లాగుడంతా పోయి నక్షత్రం దగ్గర పడింది. నా కళ్ళ ముందే గీత పాముపిల్లలా పైకి పాకి కప్పుదాకా పోయింది. డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాణ్ణి, ఆ బకెట్టు ఎత్తే ముందు అది గుర్తుకు రాలేదు.

ఆటోనగర్‌లో అద్దాలు వేసే భాయ్ బండి చూసి, "అద్దం మీరే తెచ్చుకోండి సార్, బిగించేదానికి పదిహేను వందలు. బిగించేటప్పుడు పగిలితే నాకు సంబంధం లేదు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. ఇంత పాత బండి అద్దం పగిలితే ఇంకోటి ఆయన మాత్రం ఎక్కడ తెస్తాడు? కానీ పగిలే పూచీ ఎలాగూ నాదే అయినప్పుడు ఆ పగలగొట్టేదేదో నేనే పగలగొడతానులే అనిపించింది.

అద్దం చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో దొరికింది. నాలుగున్నర వేలు. మూలన ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబరు, లామినేటెడ్ అనే ముక్క ఉన్నాయా లేదా అని సెల్‌ఫోన్ లైటు వేసి మరీ చూసుకున్నాను. పక్కింటి రెడ్డెన్న ఓమ్నీలో తెచ్చాం. రెడ్డెన్న దాన్ని వెనకాల పడుకోబెడదాం అన్నాడు. వంపు తిరిగిన అద్దాన్ని పడుకోబెడితే బరువంతా రెండు చోట్లే ఆని, పెద్ద గుంటకి పుటుక్కుమంటుంది. బొంత పరిచి, అంచు మీద నిలబెట్టి, తిరుత్తణి, నగరి, పుత్తూరు దాటి వచ్చేదాకా నేను వెనక కూర్చుని దాన్ని కావలించుకునే ఉన్నాను. మా ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని తెచ్చినప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా తేలేదని రెడ్డెన్న వీధంతా చెప్పాడు.

అద్దాన్ని చుట్టూ పట్టి ఉంచే రబ్బరు బీడింగు కొరియర్‌లో వచ్చింది, పాముని చుట్టినట్టు చుట్టి, మడతలు పడి. అలాగే ఎక్కిస్తే మడత ఉన్నచోట పైకి లేస్తుంది. మేడ మీద సిమెంటు గచ్చు మీద ఒక పూట పరిచి పెట్టాను. తిరుపతి ఎండకి ఇలాంటి పనులు చెప్పాలే గానీ దానంతట అదే సాపు అయిపోయింది.

నిన్ననే మొదలుపెట్టాలి నిజానికి. అమ్మ ఒప్పుకోలేదు. తిరుమల శనివారాలు నడుస్తున్నాయి, అరవవాళ్ళ పెరటాసి నెల. "శనివారం పూట ఇంట్లో అద్దం పగలగొడతారా ఎవరైనా?" అంది. ఆల్రెడీ పగిలిందమ్మా, తీసేది మాత్రమే అన్నా వినలేదు. ఊరంతా అరవ దేశం బస్సులు, గోవింద గోవింద. ఇంట్లో పిండి దీపం పెట్టి, నన్ను స్పానరు కూడా ముట్టుకోనివ్వలేదు.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. నేను, నాన్న, పెద్దోడు. వైపర్లు విప్పడం అయిదు నిమిషాలు. పాత బీడింగుని మాత్రం లాగితే వచ్చేలా లేదు. ఇరవై ఏళ్ళ పైబడి ఎండకి ఎండి అప్పడంలా అయిపోయింది. లోపల కూర్చుని కట్టర్ బ్లేడుతో లోపలి అంచుని చుట్టూ కోసుకుంటూ వచ్చాను. తర్వాత సీటు మీద వెనక్కి వాలి, సాక్సులేసుకున్న రెండు పాదాలూ అద్దం పై మూలకి ఆనించి మెల్లగా తోశాను. బయట పెద్దోడు చేతులకి గోనెసంచి చుట్టుకుని పట్టుకున్నాడు. అద్దం మొత్తం ఒకే ముక్కగా వచ్చేసింది, ఇన్ని పగుళ్ళతో.

"ఇన్ని గీతలున్నా ఊడిపోలేదేంది నాయనా?" అన్నాడు వాడు. రెండు అద్దాల మధ్య ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది, ముక్కలన్నీ దానికే అతుక్కుని ఉంటాయి అని చెప్పాను. 1903లో ఫ్రాన్సులో ఎడ్వార్ బెనెడిక్టస్ అనే ఆయన చేతిలోంచి ఒక గాజు ఫ్లాస్కు జారి పడి, పగిలినా చెదరలేదట. లోపల ఎప్పుడో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ఆరిపోయి పొరలా పట్టి ఉందట. ఆ కథ చెబుతుంటే వాడు ఫోన్ జేబులో పెట్టి విన్నాడు. ఈ మధ్య నేను చెప్పింది పూర్తిగా విన్నది ఇదే.

అద్దం పోయాక బండి మొహం చూడలేకపోయాం. రేకు అంచుకి కింద ఎడమ మూల తుప్పు. గోరు పెడితే పెచ్చులు రాలుతున్నాయి. అది 2021 నవంబరు తుప్పు. ఆ వానలకి కపిలతీర్థం జలపాతం ఉగ్రరూపం ఎత్తి, రోడ్లన్నీ కాలవలైన వారంలో ఈ బండి నాలుగు రోజులు వీధిలోనే నానింది. ఎండిన బీడింగు సందులోంచి నీళ్ళు దిగి డాష్‌బోర్డు కిందంతా తడిసింది. అప్పుడు కాళ్ళ దగ్గర మ్యాట్లు తీసి ఆరబెట్టామే గానీ నీళ్ళు ఎక్కడి నుంచి దిగాయో ఎవరం చూడలేదు. ఇవాళ వైరు బ్రష్‌తో గీకి, ఉప్పుకాగితం పట్టి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆరాక నల్ల పెయింటు వేశాం. బొక్కలు పడలేదు, అదే పుణ్యం. అది ఆరేలోపు ఇడ్లీలు తిన్నాం.

ఇక అసలు పని తాడుతో. చూసినవాళ్ళకి తప్ప చెబితే నమ్మకం కుదరదు. బీడింగుకి రెండు గాళ్ళు ఉంటాయి. ఒకదాంట్లో అద్దం కూర్చుంటుంది. రెండోది బండి రేకు అంచుని కరుచుకోవాలి. అద్దానికి ముందే బీడింగు తొడిగి, ఆ రెండో గాడిలో చుట్టూ ఒక తాడు దూర్చి, రెండు కొసలూ కింద మధ్యలో ఒకదాని మీద ఒకటి దాటించి లోపలికి వేలాడదీయాలి. బయట నుంచి అద్దాన్ని కిటికీలో ఆనించి పట్టుకుంటే, లోపల కూర్చున్న మనిషి తాడు కొస లాగుతూ రావాలి. తాడు బయటికి వచ్చే కొద్దీ రబ్బరు అంచు రేకు మీద నుంచి లోపలికి తిరగబడి కూర్చుంటుంది. దాని ఎదురుగా బయట ఉన్నవాడు అరచేత్తో చరుస్తుండాలి. ముందు కింద, తర్వాత పక్కలు, చివరికి పైన. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

రెడ్డెన్న గోడ మీద నుంచి తల పెట్టి, "గ్రీజు పుయ్యప్పా, నున్నగా దిగతాది" అన్నాడు. ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడి కొన్నాళ్ళకి పాడవుతుంది. మా ఆవిడ గిన్నెలు తోమే లిక్విడ్ చెంబు నీళ్ళలో కలిపి రాశాం.

బయట నేను, పెద్దోడు. లోపల నాన్న. డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, అయినా తాడు ఎవరికీ ఇవ్వనన్నాడు. పోయినేడు నేను ఈ బండికి పాత ఇనుము రేటు అడిగొచ్చానని ఆయనకి ఇంకా కోపం. అప్పటి నుంచి బండి తాళం తన తలగడ కిందే.

మొదటిసారి పురికొస వాడాను. తప్పు. సన్నంగా ఉండి రబ్బరుని కోస్తుంది, పైగా ఎడమ మూల దగ్గరికి రాగానే ఫట్‌మని తెగింది. నాన్న చేతిలో జానెడు కొస మిగిలింది. అంతా తీసి మళ్ళీ మంచం మీద పెట్టాం. ఈసారి మేడ మీద బట్టలారేసే నైలాన్ తాడు విప్పుకొచ్చాను. ఉతికిన బట్టలన్నీ పిట్టగోడ ఎక్కాయి. దాని గురించి ఇక్కడ రాయను, సాయంత్రం వినాల్సింది విన్నాను.

రెండోసారి కింద భాగం చిటికెలో దిగింది. పక్కలు కూడా. "ఆడ కొట్టు. ఆడ కాదురా, నా చెయ్యి యాడుందో చూడు." నేను చరుస్తున్నాను, ఆయన లాగుతున్నాడు, మధ్యలో అద్దం. అప్పుడొకటి గమనించాను. పక్క అద్దాలు ఎత్తేసి ఉన్నాయి. బీడింగు కూర్చునే కొద్దీ నాన్న గొంతు తగ్గిపోతోంది. మొదట అరిచినట్టు వినిపించిన మనిషి, పై మూల దగ్గరికి వచ్చేసరికి పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుంది. చివరి అడుగు తాడు మిగిలినప్పుడు పెదవులు కదలడమే కనిపించింది. ఏదో చెబుతున్నాడు. కుడివైపు అని వేలు చూపిస్తే కుడివైపు చరిచాను. తన కుడి అట. ఆ కంగారులోనే బొటనవేలు వైపర్ కడ్డీకి కొట్టుకుంది.

తాడు మొత్తం ఊడొచ్చింది. ఆయన దాన్ని ఎత్తి చూపించాడు, బావిలోంచి బిందె తీసినవాడిలా. పెద్దోడు ఫోటో తీశాడు. అందులో నా మొహం కొత్త అద్దంలో మసగ్గా, దాని వెనక ఆయన మొహం.

బీడింగు మీద వచ్చే మెరుపు పట్టీ ఎక్కించడానికి స్పూను కాడ సరిపోయింది. పైపు పెట్టి నీళ్ళు కొట్టాం. లోపల చుట్టూ పేపరు పరిచి చూస్తే కింద ఎడమ మూలలోనే, అదే పాత చోటే, అరచేతంత తడి. బీడింగు కింద నల్ల సీలెంటు కూరాను. రేపు మళ్ళీ కొట్టి చూడాలి. మా బావమరిది చూసి "నా కారుకి కూడా మీరే వేసేయండి బావా" అన్నాడు. చచ్చినా వెయ్యను. కొత్త కార్లలో అద్దాన్ని పాలీయురిథేన్ జిగురుతో బాడీకే అతికిస్తారు. కప్పు బలంలో దానికీ భాగం ఉంటుంది. అది ఇంటి వాకిట్లో చెంబు నీళ్ళతో అయ్యేది కాదు.

మిగిలింది పాత అద్దం. పాత సామాన్ల బండతను సాయంత్రం వచ్చి చూసి, "ప్లాస్టిక్ అంటుకోనుండే అద్దం మాకొద్దు సార్" అని పోయాడు. మున్సిపాలిటీ చెత్త బండికి వేద్దామంటే అమ్మ అడ్డం పడింది. అద్దం పైన మధ్యలో నామాల స్టిక్కరు ఉంది. నాన్న 1996లో గాంధీరోడ్డులో కొని, అద్దం ఒకసారి మార్చినప్పుడు అలాంటిదే మళ్ళీ కొని అదే చోట అంటించాడు.

"నామాలుండే అద్దాన్ని చెత్త బండికి ఏస్తావా?"

సరే, స్టిక్కరు తీసేస్తానన్నాను. వేడినీళ్ళ గుడ్డ వేసి, బ్లేడుతో మెల్లగా లేపాను. మధ్యలో ఎర్ర గీత ఒక్కటే నిలువుగా పూర్తిగా వచ్చింది. రెండు పక్కలా ఉన్న తెల్లవి గీకితే పొడిపొడిగా రాలడం మొదలుపెట్టాయి. అమ్మ బ్లేడు లాక్కుంది. ఊడొచ్చిన ఎర్ర గీతని నాన్న పర్సులో పెట్టుకున్నాడు.

అద్దాన్ని ప్రస్తుతానికి తులసికోట వెనక గోడకి ఆనించి పెట్టాను. ఇందాక తలుపు వేయడానికి బయటికి వెళ్ళి చూస్తే, దాని ముందు చిన్న పిండిముగ్గు వేసి ఉంది. ఇక దాన్ని ఎవరు కదిలిస్తారో నాకు తెలియదు.